నల్లరేగడి మీద రోడ్డు: సీబీఆర్ సరిపోయినా అంచుల్లో పొడవాటి పగుళ్లు ఎందుకు వస్తున్నాయి?

ప్రశ్న: మెట్టదారి

నమస్కారం. నేను రవాణా ఇంజినీరింగ్‌లో ఎంటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది నంద్యాల ప్రాంతం. మా ఊరి మీదుగా వెళ్లే రెండు వరసల తారు రోడ్డును కొన్నేళ్ల క్రితం వెడల్పు చేసి కొత్తగా వేశారు. నేల నల్లరేగడి కాబట్టి పైమట్టిని తవ్వి తీసేసి, సబ్‌గ్రేడ్ (రోడ్డు పొరలను మోసే అడుగు నేల) కోసం 500 మిల్లీమీటర్ల మందాన గ్రావెల్ పోసి దిమ్మిస చేశారు. దాని మీద జీఎస్‌బీ, డబ్ల్యూఎంఎం అనే కంకర పొరలు, ఆపైన తారు పొరలు వచ్చాయి. గ్రావెల్ సీబీఆర్ (నేల బలాన్ని తెలిపే సూచిక) తారు రోడ్ల డిజైన్‌కు వాడే ఐఆర్‌సీ 37 మార్గదర్శకాలు అడిగే కనీస విలువ కన్నా బాగా ఎక్కువగానే ఉందని, కింది నల్లమట్టి బలాన్ని కూడా కలుపుకుని ప్రభావిత సీబీఆర్ లెక్కించారని తెలిసింది. కాగితం మీద నాకు లోపమేమీ కనిపించలేదు.

అయినా ఏటా వేసవిలో రోడ్డు అంచుకు అర మీటరు నుంచి మీటరు లోపల, రోడ్డు పొడవునా సాగే పగుళ్లు కనిపిస్తున్నాయి. కొన్నిచోట్ల పగులుకు బయటి వైపున ఉన్న భాగం కాస్త కిందికి దిగింది. వానలు పడ్డాక పగుళ్లు కొంత మూసుకున్నట్టు అనిపిస్తుంది గానీ మరుసటి వేసవికి ఇంకా వెడల్పుగా తెరుచుకుంటాయి. రోడ్డు మధ్య భాగం మాత్రం బాగానే ఉంది, చక్రాల దారిలో గాడి పడలేదు. రోడ్డుకు ఒక పక్క కాలువ ఆయకట్టు, మరో పక్క మెట్ట పొలాలు ఉన్నాయి. పగుళ్లు రెండు వైపులా ఉన్నా మెట్ట వైపు ఎక్కువ.

నా సందేహాలు రెండు. ఇది వాహనాల బరువు వల్ల వచ్చినదా, నేల వల్ల వచ్చినదా? రెండోది నా థీసిస్ గురించి. నల్లరేగడి మట్టిలో వరి ఊక బూడిద, సున్నం వేర్వేరు శాతాల్లో కలిపి, నాలుగు రోజులు నానబెట్టిన సీబీఆర్ ఎంత పెరుగుతుందో చూడమని మా గైడ్ సూచించారు. ఆ పని ఈ పగుళ్ల సమస్యకు ఏమైనా జవాబు ఇస్తుందా? అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు 1: విశ్రాంత ఈఈ

మీ వర్ణనలోనే సగం జవాబు ఉంది. వాహనాల బరువుకు అలసిపోయి పగిలే తారు రోడ్డు చక్రాల దారిలో పగులుతుంది. మొదట సన్నని గీతలు వచ్చి, అవి ఒకదానితో ఒకటి కలిసి, మొసలి చర్మం లాంటి అల్లికగా మారతాయి. సబ్‌గ్రేడ్ బలహీనమైతే చక్రాల దారిలోనే గాడి పడుతుంది. మీ రోడ్డులో ఆ రెండూ లేవు. పగులు అంచున ఉంది, వేసవిలో తెరుచుకుంటోంది, వానలకు మూసుకుంటోంది. లారీలు వేసవిలో ఎక్కువ తిరిగి వానాకాలంలో సెలవు తీసుకోవు కదా. కాబట్టి ఈ పగులును తెరుస్తున్నది రుతువు, అంటే నేలలోని తేమ.

జరిగేది ఇది. తారు పరిచిన మధ్య భాగం కింద నేల నుంచి నీరు ఆవిరి కావడానికి దారి ఉండదు. రోడ్డు వేసిన కొన్నేళ్లకు అక్కడి తేమ ఒక స్థాయికి వచ్చి, ఏడాది పొడవునా దాదాపు అలాగే నిలుస్తుంది. అంచుకు దగ్గరగా ఉన్న ఒకటి రెండు మీటర్ల మేర మాత్రం నేల పక్క పొలంతో పాటు నానుతుంది, పక్క పొలంతో పాటు ఎండుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పొలాల్లో చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుకునే నేల అది. రోడ్డు బర్మ్ (తారు అంచు పక్కనున్న మట్టి భాగం) కింద ఉన్నది కూడా అదే నేల. అంచు కింద మట్టి కుంచించుకుని దిగిపోతుంటే, మధ్య భాగం దిగకుండా నిలిచి ఉంటుంది. ఆ రెండింటి సరిహద్దు దగ్గర రోడ్డు వంగి, పై భాగం లాగబడుతుంది. కంకర పొరలకు లాగుడును ఆపే శక్తి లేదు, తారు పొరకు ఉన్నది కొద్దిగానే. అక్కడ పొడవునా పగులు పడక తప్పదు.

500 మిల్లీమీటర్ల గ్రావెల్ వేసినా ఎందుకు వచ్చిందంటే, ఆ గ్రావెల్ బలాన్ని ఇచ్చింది గానీ దాని కింద ఉన్న నల్లమట్టి ఎండకుండా ఆపలేదు. రుతువుతో పాటు నల్లరేగడి కదిలే లోతు అర మీటరు కాదు. ఈ నేలల్లో ఇళ్లకు వేసే అండర్ రీమ్డ్ పైల్స్‌ను (అడుగున వెడల్పుగా ఉండే పునాది స్తంభాలను) మందమైన నల్లరేగడిలో కనీసం 3.5 మీటర్ల దాకా దించమని భారత ప్రమాణం ఐఎస్ 2911 మూడో భాగం చెబుతోంది. ఇంటి పునాదికి అంత లోతు అడిగే నేల మీద, రోడ్డుకు పైన అర మీటరు మార్చి ఊరుకుంటున్నాం. ప్రతి కిలోమీటరుకూ మూడు మీటర్లు తవ్వే డబ్బు ఏ శాఖకూ ఉండదన్నది వేరే సంగతి.

ఇంకొక్క మాట. మీరు రోడ్డును వెడల్పు చేశారన్నారు. పాత రోడ్డు కింద ఏళ్ల తరబడి తేమ స్థిరపడిన మట్టి ఉంటుంది, కొత్తగా కలిపిన భాగం కింద ఇంకా స్థిరపడని మట్టి ఉంటుంది. కొన్నిచోట్ల పగులు పాత అంచు గీత వెంటే వస్తుంది. మీ పగుళ్లు ఆ గీత మీద ఉన్నాయా, అంతకన్నా బయట ఉన్నాయా అన్నది పాత డ్రాయింగు తెప్పించి సరిచూడండి. వెడల్పు చేసిన చోట కొత్త పాత పొరలను మెట్లు మెట్లుగా కోసి కలపకపోతే కూడా ఇలాంటి పగులే వస్తుంది, కానీ అది వానలకు మూసుకోదు.

జవాబు 2: నేలతేమ

ఈఈ గారు చెప్పిన కారణంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను నేల మెకానిక్స్ వైపు పరిశోధన చేసేవాడిని కాబట్టి, మీ రెండో ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు రాస్తాను.

సీబీఆర్ పరీక్ష ఏం కొలుస్తుందో ముందు చూద్దాం. 150 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న మౌల్డ్‌లో మట్టిని కుదించి, దాని మీద మామూలుగా 5 కిలోల బరువు పెట్టి, 96 గంటలు నానబెట్టి, తర్వాత 50 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ప్లంజర్‌ను (ఉక్కు కడ్డీని) నిమిషానికి 1.25 మిల్లీమీటర్ల వేగంతో దించుతాం. 2.5, 5 మిల్లీమీటర్ల దగ్గర ఎంత బలం పట్టిందో చూసి, ప్రామాణిక కంకరతో పోలుస్తాం. ఇది బలానికి సంబంధించిన ఒక సూచిక మాత్రమే. మట్టి ఎండితే ఎంత కుంచించుకుంటుందన్న ప్రశ్నను ఈ పరీక్ష అసలు అడగదు. ఉబ్బడం గురించి అడిగినా సగమే అడుగుతుంది, ఎందుకంటే బంకమట్టిలో నీరు చాలా నెమ్మదిగా పాకుతుంది, నాలుగు రోజుల్లో నమూనా లోపలి దాకా పూర్తిగా తడవదు.

మీ రోడ్డు బరువును కూడా ఒకసారి లెక్క వేసుకోండి. మౌల్డ్ మీద పెట్టే 5 కిలోలు ఆ వైశాల్యానికి సుమారు 3 కిలోపాస్కల్స్ ఒత్తిడి. నిజమైన రోడ్డులో గ్రావెల్‌తో కలిపి మీటరుకు కాస్త పైచిలుకు మందం ఉందనుకుంటే, కింది నల్లమట్టి మీద పడేది 20 నుంచి 25 కిలోపాస్కల్స్. నల్లరేగడి ఉబ్బే ఒత్తిడి 100 కిలోపాస్కల్స్ దాటడం అరుదేమీ కాదు. అంటే రోడ్డు బరువు ఆ ఉబ్బును ఆపలేదు. ఎండేటప్పుడు బరువు ఎంత ఉన్నా కుంచించుకోవడం ఆగదు. కాబట్టి బూడిద, సున్నం కలిపి సీబీఆర్‌ను 2 నుంచి 12కు తీసుకువెళ్లినా, ఆ అంకె మీ పగుళ్ల గురించి ఏమీ చెప్పదు.

ఐఆర్‌సీ 37 కూడా ఈ ప్రశ్నను నేరుగా అడగదు. అది 80 కిలోన్యూటన్ల ప్రామాణిక ఇరుసు కింద రెండు వికృతులను (బరువు కింద పొర సాగే, నొక్కుకునే మేరను) లెక్కిస్తుంది. తారు పొర అడుగున వచ్చే అడ్డ లాగుడు వికృతి అలసట పగుళ్ల కోసం, సబ్‌గ్రేడ్ పైన వచ్చే నిలువు నొక్కుడు వికృతి గాడి కోసం. వాటి పరిమితులను ఆర్-6, ఆర్-56 అనే పరిశోధన పథకాల్లో మన దేశపు రోడ్ల మీద సేకరించిన కొలతల నుంచి తీశారు. 20 శాతం వైశాల్యంలో పగుళ్లు, 20 మిల్లీమీటర్ల గాడి అన్నవి అందులో వైఫల్యానికి గుర్తులు. మంచి పద్ధతే, కానీ దాని దృష్టి అంతా వాహనం మీద ఉంటుంది. ఉబ్బే నేల వచ్చినప్పుడు ఆ మార్గదర్శకాలు వేరుగా కొన్ని జాగ్రత్తలు చెబుతాయి. వాటిలో ముఖ్యమైనది 0.6 నుంచి 1 మీటరు మందాన ఉబ్బని బంకమట్టి పొర వెయ్యడం.

ఆ పొర వెనుక మన దేశపు పరిశోధన చరిత్ర ఉంది. ఐఐటీ బొంబాయిలో ఆచార్య ఆర్.కె. కట్టి 1970లలో పెద్ద పరిమాణం నమూనాలతో నల్లరేగడిని పరీక్షించి, నేల పూర్తిగా తడిసినప్పటికీ పైనుంచి సుమారు మీటరు లోతు దాటాక ఉబ్బు దాదాపు లేకపోవడాన్ని గమనించారు. ఆ పై మీటరు స్థానంలో బంక గుణం ఉండి ఉబ్బని మట్టిని వేస్తే కింది నల్లమట్టి కదలిక చాలా తగ్గుతుందని చూపారు. దాన్నే సీఎన్‌ఎస్ పొర అంటున్నాం. కాలువల లైనింగ్ కింద దీనిని విరివిగా వాడారు. అయితే బెంగళూరు ఐఐఎస్‌సీలో కె.ఎస్. సుబ్బారావు మరో కోణం చూపారు. మొదటిసారి నానినప్పుడు సీఎన్‌ఎస్ బాగా పని చేస్తుంది గానీ, ఎండి మళ్లీ నానే చక్రాలు సాగే కొద్దీ దాని ప్రభావం తగ్గుతుందని ఆయన అన్నారు. వరంగల్ ఎన్‌ఐటీలోనూ, కాకినాడ జేఎన్‌టీయూలోనూ ఫ్లై యాష్‌కు (థర్మల్ కేంద్రాల బొగ్గు బూడిదకు) సున్నం, సిమెంటు కలిపిన కుషన్ పొరల మీద పని చేయడానికి ఒక ప్రేరణ ఇదే. కాలువ కింద నేల ఎక్కువ కాలం తడిగానే ఉంటుంది, రోడ్డు అంచు కింద నేల ఏటా ఎండుతుంది. కాలువకు సరిపోయిన పరిష్కారం రోడ్డు అంచుకు అంతగా సరిపోకపోవడంలో ఆశ్చర్యం లేదు.

మీ పగుళ్లకు అతి దగ్గరి పరిశోధన టెక్సాస్‌లో జరిగింది. అక్కడ పల్లె రోడ్లు చాలావరకు ఉబ్బే బంకమట్టి మీద ఉన్నాయి, వాహనాలు తక్కువ, అయినా అంచుల్లో పొడవాటి పగుళ్లు వస్తాయి. టెక్సాస్ విశ్వవిద్యాలయంలోని జోర్న్‌బర్గ్ బృందం గ్రైమ్స్ కౌంటీలో ఎఫ్‌ఎం 2 అనే రోడ్డు మీద 32 పరీక్షా ఖండాలు వేయించింది. మూడు రకాల జియోసింథటిక్ పొరలు (నేలలో పరిచే ప్లాస్టిక్ వస్త్రం, వల లాంటివి), ఏ పొరా లేని ఖండం, వీటిలో ప్రతిదీ సున్నంతో ఒకసారి, సున్నం లేకుండా ఒకసారి, మొత్తం ఎనిమిది పద్ధతులు, ఒక్కొక్కటి నాలుగేసి చోట్ల. నేలలో తేమ సెన్సర్లు పెట్టి ఏళ్ల తరబడి చూశారు. పగుళ్లు ఎండాకాలంలోనే పెరుగుతున్నాయనీ, అంచు దిగడం వల్లనే వస్తున్నాయనీ, కంకర పొర అడుగున జియోగ్రిడ్ లాంటి పొర పరిస్తే ఆ పగుళ్లు బాగా తగ్గుతున్నాయనీ తేలింది. జియోగ్రిడ్ నేల కదలికను ఆపదు. ఆ కదలికను ఒక్క గీత మీద పగులుగా చేరనివ్వకుండా పంచుతుంది.

కాబట్టి మీ గైడ్ గారితో మర్యాదగానే ఒక మాట చెప్పి చూడండి. నల్లరేగడికి ఏదో ఒక బూడిద కలిపి సీబీఆర్ పెంచిన పత్రాలు మన కళాశాలల్లో ఇప్పటికే కుప్పలుగా ఉన్నాయి. ఒక నిజమైన రోడ్డు అడ్డుకోతలో మధ్యలో, అంచులో, పొలంలో తేమ ఒక ఏడాదిలో ఎలా మారిందో కొలిచిన పని మాత్రం వాటిలో చాలా కొద్ది. మీ చేతిలో సరిగ్గా అలాంటి రోడ్డే ఉంది.

జవాబు 3: సైటు మనిషి

నేలతేమ గారి విశ్లేషణ బాగుంది, కానీ సున్నాన్ని అంత తేలిగ్గా పక్కన పెట్టడం నాకు సరి అనిపించలేదు. నేను నల్లరేగడి నేలల్లో నాణ్యత నియంత్రణ చూస్తుంటాను. సున్నం సీబీఆర్‌ను పెంచడం ఒక్కటే కాదు, మట్టి స్వభావాన్నే మారుస్తుంది. సున్నంలోని కాల్షియం బంకమట్టి రేణువుల మీది సోడియం స్థానంలో చేరగానే ప్లాస్టిసిటీ (తడిస్తే ముద్దగా మారే గుణం) పడిపోతుంది, కుంచించుకునే గుణం తగ్గుతుంది. తడిస్తే బంకగా, ఎండితే రాయిలా ఉండే మట్టి పొడిపొడిగా మారి ట్రాక్టరు రోటవేటరుకు లొంగుతుంది. ఇది గంటల్లోనే మొదలవుతుంది. బలం పెరగడం ఆ తర్వాత వారాల మీద జరిగే వేరే చర్య.

సైటులో ఎక్కువగా చెడేది పరిశోధన కాదు, కలపడం. బొగ్గు పెళ్లల్లాంటి నల్లమట్టి గడ్డలను చితక్కొట్టకుండా పైన సున్నం చల్లి, ఒకసారి తిప్పి, రోలర్ ఎక్కిస్తారు. గడ్డ లోపలికి సున్నం చేరదు. కొన్న సున్నంలో అసలు సున్నం ఎంత ఉందో పరీక్షించేవారు తక్కువ. ఆరుబయట నెల రోజులు పడి ఉన్న సున్నం గాలి పీల్చి పనికిరాకుండా పోతుంది. మట్టిలో సున్నం, సిమెంటు కలిపే పద్ధతి మీద ఉన్న ఐఆర్‌సీ ఎస్‌పీ 89 మార్గదర్శకాలు చదివితే ఇవన్నీ ఉన్నాయి. చేసే వారు కావాలి.

ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను. మట్టిలో జిప్సం వంటి సల్ఫేట్లు ఉన్నాయేమో పరీక్షించకుండా సున్నం కలపవద్దు. సున్నం, సల్ఫేట్, బంకమట్టిలోని అల్యూమినా, నీరు కలిస్తే ఎట్రింగైట్ అనే ఖనిజం పెరిగి, ఉబ్బు తగ్గకపోగా పెరుగుతుంది. అమెరికాలోని లాస్ వేగస్‌లో స్టీవర్ట్ అవెన్యూ అనే వీధి సున్నం కలిపిన తర్వాత ఇలాగే పైకి లేచింది. 1988లో హంటర్ రాసిన పత్రం నుంచి అది పాఠంగా చెప్పుకుంటున్నారు.

మెట్టదారి (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. పాత డ్రాయింగు సంపాదించాను. పగుళ్లు పాత అంచు గీతకు బయటే ఉన్నాయి, చాలాచోట్ల ఆ గీతతో సంబంధం లేకుండా కొత్త అంచుకు సమాంతరంగా వెళ్తున్నాయి. గైడ్ గారు కూడా క్షేత్ర కొలతలకు అంగీకరించారు, కానీ సెన్సర్లు కొనడానికి నిధులు లేవన్నారు. నాకు ఉన్న సమయం ఏడాదిలోపే. ఆయకట్టు వైపు, మెట్ట వైపు పోల్చితే చాలా, లేక ఇంకేమైనా కావాలా?

జవాబు 4: విశ్రాంత ఈఈ

ఆయకట్టు, మెట్ట పోలిక మంచిదే, కానీ దాన్ని అంత సూటిగా తీసుకోకండి. కాలువకు వేసవిలో నీరు కట్టేస్తారు. నీళ్లున్నంత కాలం తడిగా ఉన్న ఆయకట్టు నేల ఏప్రిల్, మేలలో మెట్ట నేల లాగే ఎండుతుంది, కాకపోతే ఆలస్యంగా ఎండుతుంది. మీకు రెండు వైపులా పగుళ్లు కనిపించడానికి, మెట్ట వైపు ఎక్కువగా ఉండడానికి కారణం అదే కావచ్చు. కాలువ ఏ తేదీన కట్టేశారో నీటిపారుదల శాఖ దగ్గర రాసుకుని, ఆ తేదీకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నమూనాలు తీయండి. బర్మ్ మీద చెట్లు ఉన్న చోటు, లేని చోటు కూడా గుర్తించండి. పెద్ద చెట్టు వేళ్లు వేసవిలో అంచు కింది తేమను లోతు నుంచి లాగేస్తాయి. యూకలిప్టస్ ఉన్న చోట పగులు ముందుగా వచ్చిందేమో చూడండి. రోడ్డు పక్కన వాన నీరు నిలిచే గుంట ఉంటే అది మరో రకం గందరగోళం, ఆ ఖండాన్ని వదిలేయండి.

జవాబు 5: నేలతేమ

సెన్సర్లు లేకపోయినా ఈ పని చేయవచ్చు. మెట్ట వైపు రెండు, ఆయకట్టు వైపు రెండు అడ్డుకోతలు ఎంచుకుని, ప్రతి కోతలో మూడు చోట్ల, అంటే పగులుకు లోపల, పగులుకు బయట బర్మ్‌లో, రోడ్డు హద్దు దాటాక పొలంలో, చేతి ఆగర్‌తో (మట్టిని తొలిచే పరికరంతో) 2 మీటర్ల దాకా తవ్వి, ప్రతి 300 మిల్లీమీటర్లకూ ఒక నమూనా తీయండి. ఓవెన్‌లో ఎండబెట్టి తేమ శాతం చూడడానికి మీ కళాశాల ప్రయోగశాల చాలు. తేమ శాతంతో పాటు సక్షన్ (మట్టి నీటిని పట్టి లాగే బలం) కూడా కొలవగలిగితే ఫలితానికి విలువ పెరుగుతుంది, ఎందుకంటే ఒకే తేమ శాతం దగ్గర రెండు మట్టులు నీటిని వేర్వేరు గట్టిదనంతో పట్టుకుంటాయి, నీటి కదలికను నడిపేది ఆ తేడానే. దానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. వాట్‌మన్ 42 ఫిల్టర్ పేపర్‌ను మట్టితో పాటు మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, ఉష్ణోగ్రత మారని చోట వారం రోజులు ఉంచి, పేపర్‌లోని తేమను అత్యంత సున్నితమైన తక్కెడలో తూచి, కాలిబ్రేషన్ వక్రం నుంచి సక్షన్ చదవడమే. తూచేటప్పుడు పేపర్‌ను చేత్తో తాకకూడదు, డబ్బాలోంచి తీసిన కొద్ది సెకన్లలోనే తూకం అయిపోవాలి.

ఏడాదిలో కనీసం నాలుగు సార్లు తీయండి. మే చివర, వానలు మొదలయ్యాక ఆగస్టులో, ఈశాన్య రుతుపవనాల వానలు కూడా పడ్డాక నవంబరులో, మళ్లీ ఫిబ్రవరిలో. సమయం చాలకపోతే మే, నవంబరు మాత్రం వదలకండి, ఆ రెండింటి మధ్య తేడానే మీ థీసిస్. అదే రోజుల్లో రోడ్డు అడ్డంగా లెవలింగ్ (ఎత్తుల కొలత) కూడా చేయండి. లెవల్‌కు ఆధారంగా తీసుకునే బెంచ్‌మార్కు బర్మ్ మీద నాటిన రాయి కాకూడదు, ఆ రాయి కూడా నేలతో పాటు లేస్తుంది, దిగుతుంది. లోతుగా పునాది వేసిన వంతెన అబట్‌మెంట్ (వంతెన చివరను మోసే గోడ) దగ్గరలో ఉంటే అది మేలు. పగుళ్ల వెడల్పును మాత్రం ప్రతి నెలా కొలవండి, పగులుకు రెండు వైపులా చిన్న స్టీలు మేకులు దించి వాటి మధ్య దూరాన్ని వెర్నియర్ కాలిపర్‌తో చూస్తే సరిపోతుంది.

సైటు మనిషి గారూ, మీ అభ్యంతరం న్యాయమైనదే. నేను కాదన్నది సున్నాన్ని కాదు, సున్నాన్ని సీబీఆర్‌తో మాత్రమే తూచడాన్ని. మెట్టదారి గారు ప్రయోగశాల పని కూడా కొంత పెట్టుకోదలిస్తే, అదే నల్లమట్టిని సున్నంతో, సున్నం లేకుండా తీసుకుని, నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టే చక్రాలు నాలుగైదు నడిపి, ప్రతి చక్రంలో ఎత్తు ఎంత మారిందో కొలవమంటాను. ముందే సల్ఫేట్ పరీక్ష చేయించాలన్న మీ మాట అక్కడ కూడా వర్తిస్తుంది. కానీ అది రెండో అధ్యాయం కావాలి, మొదటిది రోడ్డు దగ్గరే రాయాలి.

తవ్వే ముందు రోడ్డు శాఖ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. పగులుకు లోపల తవ్వే రంధ్రం తారు పొరను కోసుకుంటూ వెళ్తుంది కాబట్టి అది వారికి తెలియకుండా చేయకూడదు. నమూనా తీసిన వెంటనే ప్రతి రంధ్రాన్నీ అదే నల్లమట్టితో పొరలు పొరలుగా దంచి పూడ్చి, పైన కోల్డ్ మిక్స్ (వేడి చేయకుండా వాడే తారు మిశ్రమం) వేసి మూయండి. ఇసుకతోనో కంకరతోనో పూడిస్తే మొదటి వానకే నీరు రెండు మీటర్ల లోతుకు దిగుతుంది, తర్వాత మీరు కొలిచేది ఆ రంధ్రం చేసిన తేమనే అవుతుంది. అందుకే రెండోసారి నమూనాలను పాత రంధ్రం పక్కన కాకుండా రోడ్డు వెంట కనీసం రెండు మూడు మీటర్ల దూరంలో తీయండి.